మూడో నెల దాకా ఆగలేని మాట

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం, కార్వేటినగరం)



ఈ రోజు జనవరి 12. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఇదే రోజున భీమవరంలో పుట్టారు. ఆయన్ను తలుచుకునే సభల్లో సాధారణంగా కణాలకు శక్తినిచ్చే ఏటీపీ గురించి చెబుతారు, లేదా క్యాన్సర్ మందు గురించి చెబుతారు. నేను కాన్పుల డాక్టర్ని. ఆయన ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేట్ అనే మందును నేను వాడేది వేరే పనికి. గర్భసంచిలో పెరగాల్సిన గర్భం ట్యూబులో ఆగిపోయినప్పుడు, ఆ ట్యూబు చీలకముందే, కత్తి పెట్టకుండా దాన్ని కరిగించడానికి వాడతాను. తెలుగువాడు నడిపిన ల్యాబు నుంచి వచ్చిన మందు. ఖరీదు కూడా పెద్దగా లేదు. అయినా మన వైపు అది అందాల్సిన ఆడవాళ్ళలో చాలామందికి అందడం లేదు. వాళ్ళు ఆసుపత్రి గడప తొక్కేసరికి మందు వేళ దాటిపోయి, ఆపరేషన్ వేళ వచ్చేసి ఉంటుంది. ఆ వేళ ఎలా దాటిపోతోందో మీకు చెప్పాలని ఈ విషయం ఎంచుకున్నాను.

పెళ్ళైన పిల్ల నెల తప్పితే ఆ మాట మూడో నెల నిండేదాకా గడప దాటకూడదంటారు మన ఇళ్ళల్లో. దిష్టి తగులుతుందని కొందరు, నిలిచాక చెప్పుకుందామని కొందరు. దీన్ని మూఢత్వమని నేను కొట్టిపారేయను. తొలి వారాల్లో పోయే గర్భాలు ఎన్నో ఉంటాయి. పదిమందికీ తెలిశాక పోతే ఆ పిల్లకు ఓదార్పు కన్నా ఆరాలే ఎక్కువ. ఆ ఆరాల నుంచి కాపాడదామని పెద్దవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది. కానీ గర్భం ట్యూబులో పడితే ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా ఆ దాచుకున్న రోజుల్లోనే, ఎక్కువగా ఆరో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య. ఊరంతా చాటమని నేను అడగడం లేదు. ఒక్క ఆశమ్మకో, ఏఎన్‌ఎంకో, డాక్టరుకో ఆ వారమే చెప్పమని అడుగుతున్నాను.

సారంగపాణి పదాలు పుట్టిన ఊరు ఇది. ఆ పదాల్లో ఆడమనిషి వేణుగోపాలుడితో మనసులోది దాచుకోకుండా మాట్లాడుతుంది. అదే ఊళ్ళో ఈనాటి కోడలు తన కడుపునొప్పి సంగతి అత్తకు చెప్పడానికి రెండు రోజులు వెనకాడుతుంది. ఎముక విరిగితే ఎవరూ దాచుకోరు. పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి జనమో మన పక్కకు వస్తారు. ఆడవాళ్ళ పొత్తికడుపు నొప్పి మాత్రం చీర కొంగు చాటునే ఉండిపోతుంది.

ఈ దాపరికం కొత్త సంగతి కాదు. కార్వేటినగరం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న రోజుల నాటి కథ ఒకటి చెబుతాను. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అదే ఉత్తర ఆర్కాటులోని వేలూరుకు 1900లో ఐడా స్కడర్ డాక్టరుగా వచ్చారు. అంతకు ముందు, చదువుకునే వయసులో, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ భార్యల కాన్పుకు సాయం రమ్మని ఆమెను పిలిచారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని తీసుకెళ్ళమంటే పరాయి మగవాణ్ణి రానివ్వం అన్నారు. ముగ్గురు తల్లులూ పోయారు. 1918లో ఆమె వేలూరులో ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల తెరవడం వెనక ఆ రాత్రి ఉంది. ఇప్పుడు ఆడ డాక్టర్లకు కొదవ లేదు. మా దాకా రావాల్సిన మాటే ఆలస్యంగా వస్తోంది.

ఇక లోపల జరిగేది చెబుతాను. ఇక్కడి డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవాళ్ళు దీన్ని జాగ్రత్తగా వినాలి, రేపు బడుల్లో పిల్లలకు చెప్పాల్సింది మీరే.

నెలకొకసారి అండాశయం నుంచి వెలువడే అండాన్ని ఫాలోపియన్ ట్యూబు కొస అందుకుంటుంది. ట్యూబులు రెండు. ఒక్కొక్కటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో అని చాలామంది అనుకుంటారు. కలిసేది ట్యూబులో, దాని వెడల్పాటి బయటి భాగంలో. అంటే మీరూ నేనూ అందరం మొదటి మూడు నాలుగు రోజులు ట్యూబులో ఉన్నవాళ్ళమే. అక్కడి నుంచి గర్భసంచికి చేరాలి. పిండం తనంతట తాను కదలలేదు. ట్యూబు లోపలి పొర మీద కంటికి కనబడనంత సన్నని నూగు ఉంటుంది. అది ఒకే దిక్కుకు ఊగుతూ, ట్యూబు కండరం మెల్లగా ముడుచుకుంటూ పిండాన్ని లోపలికి పంపుతాయి. గర్భసంచిలోకి తెరుచుకునే చోట ఆ దారి ఒక మిల్లీమీటరు ఉంటుందో లేదో. ఎక్కడైనా నూగు దెబ్బతిన్నా, లోపలి మడతలు అతుక్కుపోయినా పిండం దారిలో నిలిచిపోతుంది. వారం తిరిగేసరికి అది ఎక్కడ ఉంటే అక్కడే నాటుకుంటుంది.

నూటికి ఒకటి రెండు గర్భాలు ఇలా చోటు తప్పుతాయి. వాటిలో 90 శాతానికి పైగా ట్యూబులోనే. అరుదుగా అండాశయం మీద, గర్భసంచి మూతి దగ్గర, పాత సిజేరియన్ కుట్టు మీద, ఇంకా అరుదుగా పొట్టలో పేగుల నడుమ. సిజేరియన్లు పెరిగే కొద్దీ కుట్టు మీద పడే గర్భాలూ పెరుగుతున్నాయి. గర్భసంచి గోడ మందమైన కండరం. మావి లోపలికి చొచ్చుకుపోయినా తట్టుకుంటుంది, బిడ్డతో పాటు సాగుతుంది. ట్యూబు గోడ పలచన, సాగే గుణం తక్కువ. మావి కణాలు ఆ పలచని గోడను తొలుచుకుంటూ రక్తనాళాల దాకా వెళ్ళిపోతాయి. ఒక రోజు గోడ చీలుతుంది.

ఆ గర్భాన్ని తీసి గర్భసంచిలో పెట్టలేరా మేడం అని అడుగుతారు. చాలా ఏళ్ళ ఎదురుచూపు తర్వాత నెల తప్పిన వాళ్ళు చేతులు పట్టుకుని అడుగుతారు. పెట్టలేం. ప్రపంచంలో ఎక్కడా అలాంటి వైద్యం లేదు. ఆ మాట చెప్పడం నా పనిలో అన్నిటికంటే బరువైనది.

ట్యూబు ఎందుకు దెబ్బతింటుంది? మొదటిది ఇన్‌ఫెక్షన్. క్లమీడియా, గనేరియా లాంటివి చాలాసార్లు పెద్ద బాధ లేకుండానే వచ్చి పోతాయి. తెల్లబట్ట, నడుము నొప్పి, కాస్త జ్వరం. సిగ్గుపడి ఊరుకుంటారు. లోపల ట్యూబు మడతలు అతుక్కుపోతాయి. భర్తకు కూడా మందు ఇవ్వకపోతే ఇది తిరగబెడుతుందని చెబితే ఆయన ఆసుపత్రి మెట్లెక్కడు. ఇది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే సంగతి. క్లమీడియాకు ఇప్పుడు వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది, సుబ్బారావు గారు పరిశోధనలకు పెద్దగా ఉన్న, అమెరికాలోని లెడర్లే ల్యాబు నుంచే. డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు.

రెండోది క్షయ. మన జిల్లావాళ్ళకు క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తుకొస్తుంది. 1915లో అక్కడ శానటోరియం వెలిసింది. క్షయ ఊపిరితిత్తుల్లోనే ఉంటుందని అనుకోవద్దు. రక్తంలో కలిసి ట్యూబుల్లో చేరి, దగ్గు లేకుండా, కళ్ళె లేకుండా, ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. పిల్లలు కలగడం లేదని పరీక్షలకు వస్తే అప్పుడు బయటపడుతుంది.

మూడోది మన రాష్ట్రానికి ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది, పిల్లల ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ప్రతి పదిమంది ఆడవాళ్ళలో దాదాపు ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. అదీ ఇరవై అయిదు నిండకముందే ఎందరో. ఆపరేషన్ మంచిదే, గర్భం రావడం చాలా అరుదు. కానీ వస్తే అది ట్యూబులో పడే అవకాశం బాగా ఎక్కువ. అమెరికాలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, పదేళ్ళలో ప్రతి వెయ్యి ఆపరేషన్లకు ఏడుగురికి ట్యూబు గర్భం వచ్చినట్టు తేలింది. ఆపరేషన్ తర్వాత వచ్చిన మొత్తం గర్భాల్లో మూడో వంతు చోటు తప్పినవే. ముప్పై ఏళ్ళలోపు ఆపరేషన్ అయినవాళ్ళకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. అందుకని ఆశమ్మలకు నా విన్నపం: ‘ఆపరేషన్ అయింది కదా, గర్భం ఎక్కడిది’ అని ఎవరినీ వెనక్కి పంపకండి. ఆపరేషన్ అయినామె నెల తప్పిందంటే, ట్యూబులో లేదని తేలేదాకా ఉందనే అనుకోవాలి. కాపర్‌-టీ పెట్టించుకున్నామె నెల తప్పినా అంతే.

ఒకసారి ట్యూబు గర్భం వచ్చినవాళ్ళకు, ట్యూబులకు ఆపరేషన్ జరిగినవాళ్ళకు, ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళకు, పొగాకు వాడేవాళ్ళకు కూడా ముప్పు ఎక్కువ. ఇంతా చెప్పాక ఒక మాట చేర్చాలి. ట్యూబు గర్భం వచ్చిన వాళ్ళలో సగం మందికి ఈ కారణాలేవీ ఉండవు. కాబట్టి కారణం కోసం ఆరా తీసి, ఎవరినైనా అనుమానించే హక్కు ఇంట్లోవాళ్ళకు లేదు.

ఇప్పుడు ఒకామెను మీకు చూపిస్తాను. మామిడికాయల కాలం. తోటలో కాయలు ఏరి, గంపలు మోసి వచ్చిన పిల్ల. ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున్నుంచి కడుపులో నొప్పి, గ్యాసు పట్టిందని సోడా తాగించారు. మధ్యాహ్నానికి రెండుసార్లు విరేచనానికి వెళ్ళొచ్చి, రెండోసారి పెరట్లోనే కళ్ళు తిరిగి కూలబడింది. 108లో తెచ్చారు. బల్ల మీద పడుకోబెడితే పడుకోదు, లేచి కూర్చుంటుంది. ‘భుజం పీకతా ఉండాది మేడం, గంప మోసినందుకేమో’ అంది.

ఆ భుజం నొప్పి గంప వల్ల వచ్చింది కాదు. కడుపులో కారిన రక్తం పైకి చేరి ఊపిరితిత్తుల కింది పొరను, అంటే డయాఫ్రం అనే కండరాన్ని, ఒరుసుకుంటుంది. ఆ కండరానికి నరం మెడ దగ్గరి నుంచి వస్తుంది. భుజానికీ అక్కడి నుంచే. అందుకే కడుపులో రక్తం భుజంలో నొప్పిగా తెలుస్తుంది. పడుకుంటే ఎక్కువవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. విరేచనానికి వెళ్ళాలనిపించడం కూడా రక్తం కింద గడ్డకట్టి పేగును ఒత్తడం వల్లనే.

నెల తప్పిందా అని అడిగితే, లేదు మేడం, బయటే ఉండా అంది. చాలామంది ఇలాగే చెబుతారు, అబద్ధం కాదు. ట్యూబు గర్భంలో కొద్దికొద్దిగా నల్లటి రక్తం కనబడుతుంది, దాన్ని నెలసరి అనుకుంటారు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈసారి వేళకే వచ్చిందా, ఎప్పటిలాగే అవుతోందా, రంగు ఎలా ఉంది? ఆమె కాసేపు లెక్క వేసుకుని, రెండు వారాలు ఆలస్యమైందని, గుడ్డ తడవనంత కొంచెమే అవుతోందని చెప్పింది. బీపీ 100 ఉంది. అది చూసి ధైర్యపడకూడదు. వయసులో ఉన్న ఒళ్ళు చివరిదాకా బీపీని నిలబెట్టుకుని ఒక్కసారిగా వదిలేస్తుంది. నాడి మాత్రం 120 దాటి కొట్టుకుంటోంది. కంటి కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయింది. మూత్రం చుక్క వేస్తే కిట్టు మీద రెండు గీతలు. స్కానింగులో కాలేయం పక్కన నల్లని చార. అక్కడ అది రక్తం తప్ప మరొకటి కాదు.

పొట్ట తెరిస్తే ముదురు రక్తం పైకి ఉబికింది, గడ్డలు చేతుల్తో తీయాల్సి వచ్చింది. మొత్తం రెండు లీటర్ల పైనే. అంత రక్తం కార్చిన చీలిక ఒక సెంటీమీటరు కూడా లేదు. దాని మీద క్లాంపు వేసిన క్షణంలో రక్తం ఆగింది. ఆ ట్యూబు తీసేశాం, రక్తం ఎక్కించాం, ఆమె బతికింది.

ఈ ఆపరేషన్ చరిత్ర పొడవైనది కాదు. పదో శతాబ్దంలో కార్డోబాలో అల్ జహ్రావీ అనే వైద్యుడు చోటు తప్పిన గర్భాన్ని వర్ణించాడు. ఆ తర్వాత తొమ్మిది వందల ఏళ్ళు, ట్యూబు చీలితే వైద్యులు మంచం పక్కన కూర్చోవడమే చేశారు. బర్మింగ్‌హామ్‌లో లాసన్ టైట్ అనే సర్జన్ కూడా మొదట ఒకామెకు ఆపరేషన్ చేయడానికి ఒప్పుకోలేదు. ఆమె పోయాక శవపరీక్షలో చూస్తే, కారిన నాళాన్ని సులువుగా ముడి వేసేయవచ్చని తెలిసింది. 1883లో ఆయన ధైర్యం చేసి చీలిన ట్యూబును తీసి మనిషిని బతికించాడు. ఇప్పుడు చీలకముందే తెలిస్తే చిన్న రంధ్రాలు పెట్టి లాప్రోస్కోపీతో చేస్తాం, ఆమె ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్తుంది. రెండో ట్యూబు బాగుంటే, చెడిన ట్యూబును మొత్తం తీసేసినా తర్వాత గర్భం వచ్చే అవకాశం పెద్దగా తగ్గదని ఎక్కువగా యూరప్‌లో జరిగి 2014లో వచ్చిన అధ్యయనం చూపింది.

ఇక సుబ్బారావు గారి మందు. దీని కథ ఒక గర్భిణి దగ్గరే మొదలవుతుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పరీక్షించింది. వాళ్ళకు తీవ్రమైన రక్తహీనత, ఇనుము ఇచ్చినా లొంగనిది. ఈస్టు సారంతో చేసిన మార్మైట్ తినిపిస్తే కోలుకున్నారు. ఈస్టులో ఉన్న ఆ పదార్థమేమిటో ఆమెకు తెలియలేదు. అది తెలుసుకునే పనిలో ఎన్నో ల్యాబులు పడ్డాయి. 1940లో లెడర్లేలో చేరిన సుబ్బారావు గారి బృందం దాన్ని కాలేయం నుంచి శుద్ధి చేసి, 1945 నాటికి ల్యాబులో తయారు చేసింది. అదే ఫోలిక్ యాసిడ్. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు, పేగులు తిండిని ఇముడ్చుకోలేక రక్తం క్షీణించే జబ్బు అది. ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకు మందైంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకు కంటగింపై, పూర్తి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో బయటపడిన మనిషి, ప్రపంచమంతటా గర్భిణులు మింగే బిళ్ళను అందించాడు. ఏఎన్‌ఎంలు మీ సంచుల్లోంచి తీసి ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఇనుముతో పాటు ఉన్నది అదే.

ఫోలిక్ యాసిడ్ లేకుండా కణం రెండు కణాలు కాలేదు. అయితే దాని లాగే కనబడుతూ పని చేయనిది ఒకటి తయారు చేస్తే? తాళంలో దూరి, తిరగక, అక్కడే ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిది. అసలు తాళంచెవికి ఇక చోటుండదు. బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు వైద్యం చేస్తున్న సిడ్నీ ఫార్బర్ అడిగితే సుబ్బారావు గారి బృందం అలాంటి అణువులను చేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్, 1948లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంతో పిల్లల లుకేమియాను మందుతో తాత్కాలికంగానైనా తగ్గించవచ్చని లోకానికి తెలిసింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్ళకు కన్నుమూశారు.

1956లో అమెరికాలో రాయ్ హెర్ట్జ్, మిన్ చియు లీ మెథోట్రెక్సేట్‌తో మావి కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌ను నయం చేశారు. మావి కణాలు అతి వేగంగా చీలి పెరిగేవి కాబట్టి ఈ మందు వాటిని ముందు పట్టుకుంటుంది. ట్యూబును తొలిచేదీ మావి కణాలే. 1982లో జపాన్ వైద్యులు దీన్ని చోటు తప్పిన గర్భానికి వాడి చూశారు. అప్పటి నుంచి ఇది లోకమంతటా చికిత్స.

ఈ మందు ఎవరికి పనికొస్తుంది? ట్యూబు చీలకుండా ఉండాలి. ఆమె నాడి, బీపీ నిలకడగా ఉండాలి. స్కానింగులో గడ్డ సుమారు మూడున్నర సెంటీమీటర్లు మించకూడదు, పిండం గుండె కొట్టుకోకూడదు. రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోను 5,000 లోపు ఉండాలి. కాలేయం, కిడ్నీలు, రక్తకణాలు బాగుండాలి. చంటిబిడ్డకు పాలిస్తూ ఉండకూడదు. మళ్ళీ మళ్ళీ పరీక్షలకు రాగలగాలి. ఇవన్నీ కలిసేది తొలి వారాల్లోనే. ఈ జాబితాను ఆశమ్మలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ముందుగా వస్తేనే ఈ దారి తెరిచి ఉంటుందన్నది గుర్తుంటే చాలు.

ఇచ్చేది ఒక సూది, ఒంటి ఉపరితలం కొలతను బట్టి, చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. ఇచ్చిన రోజును ఒకటిగా లెక్కపెట్టి నాలుగో రోజు, ఏడో రోజు హెచ్‌సీజీ చూస్తాం. నాలుగో రోజు అది కాస్త పెరగవచ్చు, భయపడకూడదు. నాలుగుకీ ఏడుకీ మధ్య 15 శాతమైనా తగ్గాలి. తగ్గకపోతే మరో సూది. తగ్గితే సున్నాకు చేరేదాకా వారం వారం పరీక్ష, ఒక్కోసారి నెల దాటుతుంది. ఈలోగా ట్యూబు చీలే ప్రమాదం పూర్తిగా పోదు. మూడో రోజు తర్వాత కొంచెం కడుపునొప్పి మామూలే, కానీ కళ్ళు తిరిగినా, భుజం పీకినా ఆ నిమిషమే బయల్దేరాలి. అందుకే ఆ రోజుల్లో దూరపు పుట్టింటికి, ఫోను అందని పొలం ఇంటికి పంపవద్దని ఇంట్లోవాళ్ళకు గట్టిగా చెబుతాం.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. సూది వేయించుకున్నామె ఫోలిక్ యాసిడ్ బిళ్ళ ఆపాలి, లేకపోతే అసలు తాళంచెవి మళ్ళీ దొరికినట్టే. సుబ్బారావు గారి ఒక మందు మరో మందును ఆపేస్తుంది. పాపం కడుపుతో ఉందని జాలిపడి ఎవరో బిళ్ళలు మింగిస్తూనే ఉంటారు. ఏఎన్‌ఎంలు ఈ ఒక్కటి తప్పక చూడాలి. నొప్పి బిళ్ళలు కూడా మమ్మల్ని అడగకుండా వేయొద్దు. తర్వాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

మరి తొలి వారాల్లో ఎలా కనిపెట్టాలి? మూత్రపు కిట్టు గర్భం ఉందో లేదో చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. ఆశమ్మల దగ్గర నిశ్చయ్ కిట్లు ఉంటాయి. అందులో రెండు గీతలు వస్తే పని అయిపోయినట్టు కాదు, మొదలైనట్టు. ఆరేడు వారాలకు కింది నుంచి చేసే స్కానింగులో గర్భసంచిలో గర్భం కనబడాలి. ఈ స్కానింగుకూ ఆడామగా తెలుసుకోవడానికీ ఏ సంబంధమూ లేదు, ఆ వయసులో అది ఎవరికీ కనబడదు. స్కానింగులో ఎక్కడా కనబడకపోతే 48 గంటల తేడాతో రెండుసార్లు హెచ్‌సీజీ చూస్తాం. మామూలు గర్భంలో అది ఆ రెండు రోజుల్లో దాదాపు సగమైనా పెరగాలి. నత్తనడకన పెరుగుతుంటే అనుమానించాలి. ‘రెండు రోజులాగి రండి’ అంటే డాక్టరుకు తెలియక అలా అన్నారని వేరే ఊరికి పరుగెత్తొద్దు. ఆ రెండు రోజుల తేడాయే పరీక్ష.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గర్భం పోయే బిళ్ళల గురించి కూడా చెప్పాలి. డాక్టరు చూడకుండా, స్కానింగు లేకుండా వాటిని మింగుతున్నారు. గర్భం ట్యూబులో ఉంటే ఆ బిళ్ళలు దాన్ని ముట్టుకోవు. అయితే గర్భసంచి పొర ఊడి రక్తం బాగానే పోతుంది. పని అయిపోయిందని నిశ్చింతగా ఉంటారు. వారం పది రోజులకు ట్యూబు చీలుతుంది. ఈ దారిలో వచ్చేవాళ్ళే అందరికంటే ఆలస్యంగా వస్తారు. బిళ్ళల సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు, కొన్నిసార్లు భర్తకు కూడా తెలియదు.

ప్రభుత్వ పథకాలు చాలా ఉన్నాయి, మంచివి. కానీ ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ పరీక్షలు నాలుగో నెల నుంచి ఉన్న గర్భిణుల కోసం పెట్టినవి. ట్యూబు గర్భం అప్పటి దాకా ఆగదు. తొలి మూడు నెలల్లో గర్భిణుల ప్రాణాలు తీసే కారణాల్లో ముందు వరుసలో ఇది ఉన్నా, మన లెక్కలూ కార్డులూ ఎక్కువగా ఆ తర్వాతే మొదలవుతున్నాయి. ఆరో వారంలోనే పేరు రాయించి, ఒక్క స్కానింగు చేయించే ఏర్పాటు మండల స్థాయిలో ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఇక్కడి నుంచి తిరుపతి రుయాకో ప్రసూతి ఆసుపత్రికో, చిత్తూరుకో, ఎటు వెళ్ళినా గంట పట్టే దారి. 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన 108 ఉంది. కానీ చీలిన ట్యూబుకు బండిలో గ్లూకోజు చాలదు. రక్తం, మత్తు డాక్టరు, సర్జన్, ఈ మూడూ ఒకచోట కావాలి. అందుకని అనుమానం ఉన్నామెను ముందు చిన్న క్లినిక్‌కు, అక్కడి నుంచి మరో చోటికి తిప్పకుండా నేరుగా ఆపరేషన్ చేయగల చోటికి పంపాలి. బయల్దేరేటప్పుడే రక్తం గ్రూపు చెప్పి ఫోను చేయాలి. దారిలో కాఫీ, టిఫిన్ పెట్టకూడదు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు. నెగటివ్ గ్రూపు అయితే యాంటీ-డి సూది గురించి అడగాలి.

తర్వాత ఏమిటి అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఎక్కువమందికి మళ్ళీ గర్భం వస్తుంది, ఎక్కువ భాగం సరైన చోటే పడుతుంది. సుమారు పదిమందిలో ఒకరికి మళ్ళీ ట్యూబులో పడవచ్చు. కాబట్టి మళ్ళీ నెల తప్పగానే, నొప్పి లేకపోయినా, అయిదారు వారాలకే స్కానింగుకు రావాలి. ఇది డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి ఇస్తాను, భర్త చేత చదివిస్తాను. ఇంకోటి కూడా ఆయనకే చెబుతాను. ఆమెకు పోయింది ఒక గర్భం. ఊళ్ళో ఎవరికీ తెలియని గర్భం కాబట్టి ఎవరూ పరామర్శకు రారు, వారం తిరక్కుండా పొలానికి రమ్మంటారు. ఆపరేషన్ అయినామెకు మామూలు పనులకు కొన్ని వారాలు పడుతుంది, మనసుకు ఇంకా ఎక్కువ పట్టొచ్చు. రాత్రిళ్ళు ఏడుస్తుంటే, తిండి మానేస్తుంటే అది నాటకం కాదు, మళ్ళీ తీసుకురండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. సభలో అడగలేని ప్రశ్న ఉన్నవాళ్ళు ఆగండి; సభ అయ్యాక పక్క గదిలో కూర్చుంటాను, ఒక్కొక్కరే రావచ్చు.